లేవడానికి అనుమతి

మా అబ్బాయికి రాని జబ్బు నయం కావాలని, సింగపూర్‌లో నాకు తెలిసిన తెలుగు క్రైస్తవులందరి చేతా ఒకరోజు ఉపవాసం చేయించిన ఘనత నాది. ఈ సంగతి ఎవరైనా ఎత్తితే మా ఆయన ఇప్పటికీ మొహం పక్కకి తిప్పుకుంటారు. నేను మాత్రం చెప్పుకుంటాను. వాడి గురించి నవ్వుతూ చెప్పుకోగలిగిన సంగతుల్లో ఇది మొదటిది.

గుంటూరు దగ్గర్నుంచి మేం ఇక్కడికి వచ్చేనాటికి వాడు చంకలో ఉన్నాడు. పెరిగిందీ చదివిందీ అంతా ఇక్కడే. మాకు ఇక్కడ శాశ్వత నివాసం వచ్చాక, మగపిల్లాడు పెద్దయితే రెండేళ్ళు సైన్యంలో పనిచేసి తీరాలన్నది తెలుసు. తెలియడం వేరు, ఆ రోజు వచ్చి సంచి సర్దడం వేరు. కొత్తగా చేరినవాళ్ళని ముందు టెకాంగ్ అనే చిన్న దీవికి తీసుకెళ్తారు. మొదటిరోజు తల్లిదండ్రులని కూడా పడవెక్కిస్తారు. పిల్లలు పడుకోబోయే మంచాలు చూపించి, వాళ్ళతో కలిపి భోజనం పెట్టి, మమ్మల్ని వెనక్కి పంపేస్తారు. తిరుగు పడవలో మిగతా అమ్మలందరూ ఫోటోలు చూసుకుంటున్నారు. నేను కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాను. మనసులో చేసుకుంటున్నాననే అనుకున్నాను. మా ఆయన మోచేత్తో పొడిచాక గాని పైకే చేస్తున్నానని తెలియలేదు.

నా గొంతు అలాంటిది. నేను పుంగ్గోల్‌లో మా ఇంటి దగ్గరే ఒక చైల్డ్‌కేర్‌లో టీచర్ని. గదినిండా పరుగులు పెడుతున్న నాలుగేళ్ళ పిల్లల్ని ఒక్క కేకతో కూర్చోబెట్టగలను. ప్రార్థనలో కూడా అదే గొంతు వస్తుంది. దేవుడికి వినిపించకపోవడమనే ప్రశ్నే లేదని మావాడు వెక్కిరించేవాడు.

మొదటి కొన్ని వారాలు ఇంటికి పంపరు. సాయంత్రం కాసేపు ఫోన్లు ఇస్తారు. మొదటిసారి వాడు ఫోన్ చేసినప్పుడు ఎలా ఉన్నావు నాన్నా అంటే, ఇక్కడి పిల్లల యాసలో, "ఓకే లా. రోజంతా నాక్ ఇట్ డౌన్ మా. రికవర్ అయ్యామో లేదో, మళ్ళీ నాక్ ఇట్ డౌన్" అన్నాడు. ఎవరో పిలిచారు, ఫోన్ పెట్టేశాడు.

నాకు అర్థమైంది ఏమిటంటే, పిల్లాడు పడిపోతున్నాడు, కోలుకుంటున్నాడు, మళ్ళీ పడిపోతున్నాడు. తిరిగి చేస్తే ఎత్తలేదు. మా తెలుగు ఫెలోషిప్ వాట్సాప్ గ్రూపులో ప్రార్థన మనవి పెట్టేశాను: మా బాబు టెకాంగ్‌లో మాటిమాటికీ పడిపోతున్నాడు, సంపూర్ణ స్వస్థత కొరకు ప్రార్థించండి. నిమిషాల్లో చేతులు జోడించిన బొమ్మలతో ఫోన్ నిండిపోయింది. ఫెలోషిప్ నడిపే పెద్దాయన శుక్రవారం ఉపవాస ప్రార్థన ప్రకటించారు. జురాంగ్ వెస్ట్‌లో ఆయన ఇంట్లోనే మా కూటం జరుగుతుంది. షుగర్ ఉన్న ఆంటీలు కూడా ఆ రోజు మంచినీళ్ళతో గడిపారు.

వాడు మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడు గుండు చేయించుకుని, నల్లబడి, బుగ్గలు లోపలికి పోయి ఉన్నాడు. ఆదివారం కూటానికి తీసుకెళ్ళాం. పుంగ్గోల్ నుంచి జురాంగ్ వెస్ట్ అంటే ఊరి ఈ కొస నుంచి ఆ కొసకి. రైల్లో అంతసేపూ నా భుజం మీద తల పెట్టి నిద్రపోయాడు. పాటలయ్యాక పెద్దాయన లేచి, ప్రభువు ఈ బిడ్డని పడినచోట నుంచి లేపాడు, ఇప్పుడు తన సాక్ష్యం తానే చెప్తాడు అన్నారు. స్తోత్రం, స్తోత్రం అని అందరూ అందుకున్నారు. మావాడు నా వైపు చూశాడు. నేను చెప్పు చెప్పు అన్నట్టు తల ఆడించాను.

వాడు లేచి నిలబడి సగం తెలుగు, సగం ఇంగ్లీషులో అసలు సంగతి చెప్పాడు. సైన్యంలో ఎవరో ఒకడు తప్పు చేస్తే అందరి చేతా పుషప్‌లు చేయిస్తారు. నాక్ ఇట్ డౌన్ అంటే కిందకి వెళ్ళి అరచేతులు నేలకానించి ఆ భంగిమలోకి రమ్మని. చేయాల్సినవి చేశాక కూడా ఎవరికి వాళ్ళు లేవకూడదు. చేతులు బిగించి అక్కడే ఉండి, పర్మిషన్ టు రికవర్, సార్జెంట్ అని అడగాలి. ఆయన రికవర్ అంటేనే లేవాలి. రికవర్ అంటే అక్కడ కోలుకోవడం కాదు, లేచి నిలబడటం, అంతే.

"నాకు జబ్బేం లేదు అంకుల్, ఆకలి మాత్రం చాలా ఉంది," అన్నాడు చివర్న.

ఇల్లంతా నవ్వులు. భూమి చీలితే దూరిపోదామనిపించింది. పెద్దాయన మాత్రం తక్కువవారు కాదు. నవ్వులు తగ్గేలోపే దాన్ని ప్రసంగం చేసేశారు. మనమందరం పడినవాళ్ళమే, మన బలంతో మనం లేవలేం, అనుమతి అడగాలి, ఆయన ఒక్క మాట సెలవిస్తే లేస్తాం, అదే కృప అన్నారు. ఆమేన్ అనని వాళ్ళు లేరు. నా పరువు దక్కింది.

తిరిగి వస్తుంటే రైల్లో మావాడు, అంకుల్ సగమే కరెక్ట్ చెప్పాడన్నాడు. మిగతా సగం ఏంట్రా అని అడిగాను.

"ఒక్కోసారి అడిగినా సార్జెంట్ చెప్పడు మా. వింటాడు, కానీ చెప్పడు."

మరి అప్పుడేం చేస్తారు అంటే, ఏం లేదు, అలాగే ఉంటాం అన్నాడు. చేతులు వణుకుతాయట, ముక్కు మీంచి చెమట కారి కింద చిన్న మడుగు కడుతుందట. నేను ఊఁ కొట్టాను గాని, నా ధ్యాసంతా మర్నాడు వాడు వెళ్ళేలోపు చేపల పులుసు చేయగలనా లేదా అన్నదాని మీద ఉంది.

ఆ తర్వాత ఇంటికి వచ్చిన ప్రతిసారీ వాడు ఏదో ఒకటి పట్టుకొచ్చేవాడు. దూరం నడిపించే మార్చ్‌లో అందరికన్నా నెమ్మదిగా నడిచేవాడిని వెనక ఉంచరట, ముందు ఉంచుతారట. అప్పుడు అందరూ వాడి నడకకే తగ్గుతారు, ఎవరూ తప్పిపోరు. మన కూటంలో చూపు ఆనని ఆంటీ ఒకావిడ పుస్తకంలో పాట వెతుక్కునేలోపు మనం రెండో చరణానికి వెళ్ళిపోతున్నాం, ఆవిడ చేత ఎత్తించి ఆవిడ వెనక మనం పాడాలి అన్నాడు. చాల్లేరా, నువ్వేమైనా పాస్టర్‌వా అని కసిరాను. పెద్దాయన మాత్రం మరుసటి ఆదివారం ఆ ఆంటీ చేతే పాట ఎత్తించారు. ఆవిడ ఎంత సాగదీసి పాడిందంటే కూటం ముగిసేసరికి బిర్యానీ చల్లారిపోయింది. అయినా ఆవిడ ముఖం చూసి నేనే లేచి ఆవిడకి ముందు వడ్డించాను.

ఒక్కగానొక్క కొడుకు అలా ఉంటే ఏ తల్లికైనా నేల మీద కాలు నిలుస్తుందా? నాకు నిలవలేదు.

టెకాంగ్ అయిపోయి వేరే క్యాంపుకి మారాక, ఒక వారాంతం వాడి చేతుల మీద నల్లటి మచ్చలు కనిపించాయి. నేల మీద పాకిస్తారు కదా, అవే అన్నాడు. నేనూ అంతే అనుకున్నాను. క్యాంపులో పళ్ళు తోముకుంటుంటే చిగుళ్ళ నుంచి రక్తం ఆగకపోవడం వాడి సార్జెంట్ చూశాడు. మావాడికన్నా ఏడాదో రెండేళ్ళో పెద్ద, అంతే. వద్దన్నా వినకుండా తానే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాడట. ఆ రోజే ఆసుపత్రికి పంపారు. మేం వెళ్ళేసరికి వాడు యూనిఫాంలోనే మంచం మీద కూర్చుని ఉన్నాడు, బూట్లు పక్కన జతగా పెట్టుకుని.

ల్యుకీమియా అన్నారు. అర్థం తెలిసి కూడా అంటే ఏమిటని మా ఆయన అడిగారు. డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. నేను ఆవిడ నోటి వంకే చూస్తున్నాను గాని ఏమీ వినపడలేదు. ఎవరిదైనా తప్పుంటే బాగుండునని చాలా వెతికాను. తిండిలో లేదు, ఇంట్లో లేదు, సైన్యంలో లేదు, ఆలస్యం చేసినవాళ్ళు లేరు. చివరికి నా కోపానికి మిగిలింది పైనున్న ఆయనొక్కడే. ఆయన పేరే రోజంతా నా నోట్లో ఉండేది.

మొదటి మందులు పనిచేశాయి. కూటంలో స్తోత్రాలు చెల్లించాం. తర్వాత అది తిరిగొచ్చింది. మా ఆయన ఎముకల్లోంచి మజ్జ తీసి వాడికి ఎక్కించారు. కొన్నాళ్ళు నిలిచింది, తర్వాత అదీ ఓడిపోయింది. అంతకన్నా వివరంగా చెప్పే ఓపిక నాకు లేదు. ఆ నెలలు అనుభవించినవాళ్ళకి చెప్పక్కర్లేదు, అనుభవించనివాళ్ళకి చెప్పి లాభం లేదు.

నేను మాత్రం నాకు నేర్పినట్టే ప్రార్థన చేశాను. అడుక్కోవడం కాదు, ఆజ్ఞాపించాలి, విశ్వాసంతో పలకాలి అని విన్నదాన్ని. మంచం పక్కన నిలబడి, చెయ్యి ఎత్తి, యేసు నామంలో ఈ రోగం వదిలిపోవాలి, లే నాన్నా లే, అని గద్దించేదాన్ని. పక్క మంచాల వాళ్ళు తెరలు లాక్కునేవారు. కూటంలోని వాళ్ళు వంతులవారీగా వచ్చేవారు. ప్రతివాళ్ళూ ఒక సాక్ష్యం తెచ్చేవారు. ఒకరి మరిదికి కడుపులో గడ్డ మాయమైంది. ఒకరి పిన్నికి డాక్టర్లు చేతులెత్తేస్తే ప్రభువు లేపాడు. మొదట్లో ఆ సాక్ష్యాలని ఆత్రంగా వినేదాన్ని. ఏ ఉపవాసం, ఏ ప్రార్థన, నూనె రాశారా, ఎవరు రాశారు అని వంటకం చేసే తీరు అడిగినట్టు అడిగేదాన్ని. పోనుపోను అవంటే అసహ్యం పుట్టింది. వాళ్ళ మరిది లేచి మా అబ్బాయి లేవకపోవడానికి కారణమేమిటో ఒక్కరూ చెప్పేవారు కాదు.

ఒకావిడ చెప్పింది. ఇంట్లో ఎవరిదైనా ఒప్పుకోని పాపం ఉందేమో వెతుక్కోమంది. ఆవిడని బయటికి పంపేశాను. తెచ్చిన ద్రాక్షపళ్ళు కూడా పట్టుకుపొమ్మన్నాను. ఆ తర్వాత కారిడార్‌లో గోడకి తల ఆనించి, ఆవిడ చెప్పినట్టే వెతికాను. వెతక్కుండా ఉండలేకపోయాను.

ఒక ఉదయం వాడు బాత్రూంకి ఒక్కడే వెళ్తానని పట్టుబట్టాడు. నేను తలుపు బయట నిలబడ్డాను. లోపల ఏదో శబ్దమైంది. తోసుకుని వెళ్ళేసరికి వాడు తడి నేల మీద మోకాళ్ళ మీద, అరచేతుల మీద ఉన్నాడు. దెబ్బేం తగల్లేదు, లేవలేకపోతున్నాడు. చంకల కింద చేతులు వేసి లాగాను. అంత బక్కచిక్కిన పిల్లాడు కూడా నాకు లేవలేదు. జారిపోతున్నాడు. నర్సుని పిలిచే తాడు గోడకి వేలాడుతోంది. అది నా కంటికే కనిపించలేదు. నాకు తెలిసిందల్లా నా గొంతే. యేసు నామంలో లే, లే అని కేకలు పెట్టాను.

"అమ్మా, ఆపు," అన్నాడు. "లాగొద్దు. అరవొద్దు. నువ్వు సార్జెంట్ కాదు."

లాగడం ఆపేశాను. వాడు ఊపిరి తీసుకుంటూ, తల ఎత్తకుండానే ఒక సంగతి చెప్పాడు. క్యాంపులో ఒకరోజు ఒకడు తన తుపాకీని చెట్టుకి ఆనించి వదిలేసి వెళ్ళిపోయాడట. సైన్యంలో అది చాలా పెద్ద తప్పు. వానలో అందరినీ నాక్ ఇట్ డౌన్ అన్నారు. చేయాల్సినవి చేశారు. పర్మిషన్ అడిగారు. సార్జెంట్ పలకలేదు. కాసేపటికి టోపీ తీసి పక్కన పెట్టి, ఆ తుపాకీ వదిలేసినవాడి పక్కనే తానూ బురదలోకి దిగాడట. అరచేతులు ఆనించి వాళ్ళలాగే ఉండిపోయాడు. ఏ తప్పూ చేయనివాడు. తిట్టలేదు, నీతులు చెప్పలేదు. అతని చేతులు కూడా వణికాయట.

ఆ తుపాకీ వదిలేసింది ఎవర్రా అని అడిగాను.

"నేనే మా," అన్నాడు. "పక్కన ఆయన ఉన్నాడు కదా, ఇంకాసేపు ఉండగలను అనిపించింది."

నాకు యాభై దాటాయి, మోకాళ్ళు సహకరించవు. అయినా గోడ పట్టుకుని కిందకి దిగాను. చీర కుచ్చిళ్ళు తడిసిపోయాయి. వాడి పక్కన అరచేతులు నేలకానించాను. ఏ ప్రార్థనా రాలేదు. వాడి ఊపిరి వింటూ అలాగే ఉన్నాను. ఎవరు చెప్పారో గాని ఒక మలయ్ నర్సు వచ్చింది. తల్లీ కొడుకులు ఇద్దరూ అలా నేల మీద ఉండటం చూసింది. ఇంకొకరిని పిలిచి, ముందు నా కొడుకుని, తర్వాత నన్ను లేపింది.

ఆ రోజు దాకా నా మనసులో దేవుడు ఎక్కడుండేవాడో నాకు తెలుసు. మడత నలగని బట్టలతో, చేతులు వెనక్కి కట్టుకుని, మా తలల పైన నిలబడి ఉండేవాడు. మేం అడుగుతుంటే వినేవాడు, పలికేవాడు కాదు. నా గొడవంతా అలా నిలబడినవాడితోనే. అలా కాక ఆయన కూడా కిందే, మా పక్కనే ఉన్నాడేమో అన్న ఆలోచన మొదటిసారి వచ్చింది. ఓదార్పు దొరికిందని అబద్ధం చెప్పను. ఇంకా కోపం వచ్చింది. పైనుంటే కనీసం అడగడానికి ఒకడున్నాడు. ఆయనా కిందే ఉంటే ఇక లెమ్మని చెప్పేదెవరు? ఆ మాటే మా ఆయన్ని అడిగాను. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. దేవుడే చెప్పాలి, కింద నుంచే చెప్పాలి అన్నారు.

ఆ తర్వాత కొద్దిరోజులకి డాక్టరమ్మ మా ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, ఇక చేయగలిగింది నొప్పి తెలియకుండా చూడటమేనని చెప్పింది. మందులు మార్చారు. గొట్టాలు కొన్ని తీసేశారు. గొట్టాలు లేకుండా వాడి ముఖం చూసి ఎన్నాళ్ళయిందో. మా ఆయన ఆ ముఖం కేసి చూస్తూ కూర్చునేవారు. నేను మాత్రం ఓటమి ఒప్పుకోలేదు. ఇప్పుడైనా చేయవచ్చు కదా, ఇప్పుడు చేస్తే ఇంకా గొప్ప సాక్ష్యం అవుతుంది కదా అని దేవుడితో బేరం పెట్టాను. నీ పేరు సింగపూరంతా మోగేలా చెప్తాను, నా గొంతు నీకు తెలుసు కదా అన్నాను.

ఒక మధ్యాహ్నం, మా ఆయన తినడానికి ఏదైనా తెస్తానని కిందకి వెళ్ళారు. కిటికీ అవతల వాన. వాడు కళ్ళు తెరిచి నన్ను చూశాడు.

"అమ్మా. పర్మిషన్."

నాకు వెంటనే అర్థమైంది. అర్థం కానట్టు, దేనికి నాన్నా అన్నాను. వాడు మిగతా రెండు మాటలూ చెప్పాడు. పర్మిషన్ టు రికవర్. వెక్కిరింపు లేదు, నవ్వు లేదు. సార్జెంట్‌ని అడిగినట్టే అడిగాడు. ఏ లేవడం గురించి అడుగుతున్నాడో వాడి కళ్ళల్లో ఉంది.

"లేదు," అన్నాను. "ఇవ్వను."

"ఓకే మా," అన్నాడు.

కళ్ళు మూసుకున్నాడు. మా ఆయన వచ్చాక కూడా ఆయనకి చెప్పలేదు.

ఆ తర్వాత వాడు ఉండిపోయాడు. ఏ పూటకాపూట గడవడం కష్టమని చెప్పిన డాక్టరమ్మ, వచ్చి చూసిన ప్రతిసారీ చార్టు మళ్ళీ చదువుకుని వెళ్ళేది. ఎలా నిలబడుతున్నాడో తెలియడం లేదని నర్సులు అనుకోవడం విన్నాను. నాలో ఆశ లేచింది. చూశావా, బేరం కుదిరింది అనుకున్నాను. కూటం గ్రూపులో రాద్దామని ఫోన్ కూడా తీశాను. నొప్పి మందు పెంచినా వాడికి నిద్ర పట్టడం లేదు. దవడ బిగుసుకుని ఉంది. నుదుటి మీద చెమట తుడుస్తూ అప్పుడు చూశాను వాడి చేతుల్ని. రెండు అరచేతులూ దుప్పటి మీద బోర్లా పెట్టి, మంచాన్ని కిందకి నొక్కుతున్నాడు. మోచేతుల దాకా వణుకుతున్నాయి.

ఫోన్ నా చేతిలోంచి జారి మంచం కిందకి పోయింది.

వాణ్ణి నిలబెడుతున్నది దేవుడు కాదు. నేను. లేదు అన్నాను కదా, అందుకని ఉన్నాడు. అడిగినా చెప్పకపోతే అలాగే ఉంటాం అని వాడే చెప్పాడు నాకు. నేనేదో జవాబొచ్చిందని మురిసిపోతున్నాను, వాడు నా ఒక్క మాట కోసం అంత నొప్పిలో బిగబట్టుకుని ఉన్నాడు. అంత పైన నిలబడి పలకకుండా ఉన్నదెవరో అప్పుడు తెలిసింది నాకు.

మా ఆయనకి అంతా చెప్పేశాను. మీరు చెప్పండి, నా వల్ల కాదు, తండ్రి కదా మీరు చెప్పినా సరిపోతుంది అని కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆయన ఏడుస్తూనే, "వాడు అడిగింది నిన్ను," అన్నారు.

నేను పైవాణ్ణి అడిగాను. ఆ మాట నా నోటితో వద్దు, నువ్వే చెప్పు, నువ్వు పెట్టిన ప్రాణం నువ్వే పిలుచుకో అన్నాను. జవాబు రాలేదు. పక్కన ఉన్నాడేమో, నాలాగే ఆయన నోరూ పెగల్లేదేమో. ఒక్కగానొక్క కొడుకు సంగతి ఆయనకి మాత్రం తెలియదా?

వాడి అరచేతులు రెండూ ఒకటి తర్వాత ఒకటి పట్టుకుని వెల్లకిలా తిప్పాను. సైన్యంలో వాళ్ళు చెప్పే మాట నా నోటికి రాలేదు. స్కూలుకి లేపేటప్పుడు చెప్పిన మాటే వచ్చింది. చెవి దగ్గరికి వంగి, మొదటిసారి కేక వేయకుండా, "లే నాన్నా, లేచి వెళ్ళు," అన్నాను.

వాడి భుజాలు దిగాయి. దవడ వదులైంది. సాయంత్రం భోజనాల బండి వార్డులోకి వచ్చే వేళకి వాడి ఊపిరి ఆగిపోయింది. మా ఆయన ఒక చెయ్యి, నేను ఒక చెయ్యి పట్టుకునే ఉన్నాం.

మూడోనాడు పెద్దాయన ఇంటికి వచ్చారు. జ్ఞాపకార్థ కూడికకి పంచే కార్డు ఫోన్‌లో తయారుచేసుకుని వచ్చి, అచ్చుకి ఇచ్చే ముందు ఒకసారి చూడమన్నారు. నేను హాల్లో సోఫాకి ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాను. ఫోటో బాగుంది, యూనిఫాంలో తీసింది. దాని కింద ఇలాంటి కార్డుల మీద రాసే మాటే ఉంది, ప్రభువునందు నిద్రించాడు అని. ఆ మాట తీసేయమన్నాను. అందరికీ అదే రాస్తాం కదా సిస్టర్ అన్నారాయన నెమ్మదిగా.

నా కొడుకు నిద్రపోలేదు అంకుల్ అన్నాను. చివరి రోజుల్లో వాడికి కంటిమీద కునుకే లేదు. మెలకువగా ఉండి అడిగాడు. నేను చెప్పాను. లేచాడు. అదే రాయండి, లేచాడు అని.

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయనా ఏడుస్తున్నారు. వాడు పుట్టినప్పుడు కాకపోయినా, వాడు పాలపళ్ళు ఊడగొట్టుకున్నప్పటి నుంచి ఎరిగిన మనిషి. మళ్ళీ చావు లేకుండా సమాధి నుంచి లేచినవాడు ఇప్పటికి ప్రభువొక్కడే సిస్టర్, మిగతా మనందరికీ అది చివరి దినానికి దాచిపెట్టిన మాట, ఇప్పుడే రాస్తే చదివినవాళ్ళు తప్పు పడతారు, ఆయన మాటని మనం తీసుకున్నట్టవుతుంది అన్నారు. మా ఆయన వచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు, ఇక వదిలెయ్యమన్నట్టు.

"రాయండి అంకుల్," అన్నాను. "ఆ మాట మీద ప్రభువుకి అభ్యంతరం ఉంటే ఆయన్నే వచ్చి నన్ను అడగమనండి. నేనింకా కిందే ఉన్నాను."